షుగర్ బాయ్స్ ఊళ్ళో ఐదు రాత్రులు

కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ వెళ్తున్నామనగానే తెలిసినవాళ్ళందరూ బీచ్‌ల గురించే అడిగారు. నా గురి మాత్రం షుగర్ బాయ్స్ మీద. ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు అది. సెయింట్ కిట్స్, నీవిస్ రెండు దీవులూ కలిపితే 261 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు యాభై వేలు. అంత చిన్న దేశం 2023లో క్యూరసావ్‌నీ, ఫ్రెంచ్ గయానానీ పెనాల్టీల్లో ఓడించి, ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల టోర్నీ గోల్డ్ కప్‌కి మొదటిసారి వెళ్ళింది. వెళ్ళాక మూడు మ్యాచ్‌ల్లో 14 గోల్స్ ఇచ్చుకుంది, ఒక్కటీ కొట్టలేదు.

మయామీ నుంచి మూడు గంటల ప్రయాణం. మొదటి రెండు రాత్రులు ఫ్రిగేట్ బేలో రిసార్ట్ తీసుకున్నాం. గదికి వంక పెట్టలేను గానీ, ఊళ్ళోకి రావాలంటే ప్రతిసారీ టాక్సీయే. మీటర్లుండవు, ఏ చోటికి ఎంతన్నది ముందే ఖరారు. ఎక్కేముందు "ఏ డాలర్?" అని తప్పక అడగండి. ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈస్ట్ కరీబియన్ డాలర్లు. నేను అడగలేదు. ఒక ట్రిప్పుకి దాదాపు మూడింతలు వదిలింది.

మూడో రోజు రాజధాని బాస్‌టేర్ ఊళ్ళో గెస్ట్‌హౌస్‌కి మారాం. ఏసీ రైస్‌మిల్లులా మోగింది, వేడినీళ్ళు వచ్చినప్పుడే వచ్చాయి. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే వార్నర్ పార్క్ స్టేడియంకి నడిచి వెళ్ళొచ్చు.

ఆ ఆవరణలో ఒకవైపు క్రికెట్, ఇంకోవైపు ఫుట్‌బాల్. 2007 వరల్డ్ కప్‌లో నెదర్లాండ్స్ మీద దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ గిబ్స్ ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లు కొట్టింది ఇక్కడే. మా ఆవిడ అటు ఫొటోలు తీసుకుంటుంటే నేను ఇటు సుమారు 3,500 మంది పట్టే ఫుట్‌బాల్ స్టాండ్లో కూర్చున్నాను. ఆ సాయంత్రం లోకల్ లీగ్ మ్యాచ్. చెప్పిన టైముకి మొదలవలేదు, ఎవరికీ తొందరా లేదు. మొదలయ్యాక మాత్రం స్టాండ్లో ప్రతివాడూ కోచే. పక్కనున్న పెద్దాయన్ని గోల్డ్ కప్ గురించి అడిగితే ఆ 14 గోల్స్ ఊసెత్తలేదు. పెనాల్టీల కథే రెండుసార్లు చెప్పాడు. తర్వాత ఇండోనేషియా క్లబ్బులకి ఆడొచ్చిన కీత్ గంబ్స్ గురించి, సొంత మేనల్లుడి సంగతిలా.

తిండి దగ్గర నాకు లోటు లేదు. మేకమాంసంతో చేసే గోట్ వాటర్ పులుసు ఘాటుగా బావుంది. శాకాహారి అయిన మా ఆవిడకి మాత్రం బంగాళాదుంప, శనగల రోటీయే మూడుపూటలా గతి.

బ్రిమ్‌స్టోన్ హిల్ కోటకి మినీబస్సులో వెళ్తే రోడ్డు మీదే దింపేస్తారు, అక్కణ్ణుంచి నిటారు ఎక్కుడు. ఎండెక్కకముందే వెళ్ళండి. ఒకప్పుడు ఫ్యాక్టరీకి చెరుకు మోసిన పట్టాల మీద ఇప్పుడు టూరిస్టు రైలు నడుస్తోంది. చక్కెర పరిశ్రమ 2005లో మూతపడింది, పేరు ఫుట్‌బాల్ జట్టుకి మిగిలింది. క్రూయిజ్ ఓడల రాకని బట్టి నడిపే రైలు కాబట్టి మాకు దొరకలేదు. నీవిస్‌కి ఫెర్రీ ముప్పావు గంట. ఒక పగలు చాలు.

చివరి రోజంతా జట్టు జెర్సీ కోసం వెతికాను. ఓడరేవు దగ్గర కొట్లన్నిట్లోనూ కోతిబొమ్మ టీషర్టులే. గెస్ట్‌హౌస్ కుర్రాణ్ణి అడిగితే తన ఒంటిమీదున్నది చూపించి, "ఇది మాత్రం ఇవ్వను" అన్నాడు.