మేడారం దారిలో ఎర్టిగా, ఇన్నోవా క్రిస్టా

హనుమకొండలో మాకు పెట్రోలు ఎర్టిగా ఉంది, కరీంనగర్‌లో మా అన్న దగ్గర డీజిల్ ఇన్నోవా క్రిస్టా ఉంది. ములుగు, తాడ్వాయి మీదుగా మేడారానికి రెండింటిలోనూ పలుమార్లు వెళ్లాము.

దూర ప్రయాణానికి క్రిస్టాదే పైచేయి. దృఢమైన ఛాసీపై బిగించిన బాడీ, వెనుక చక్రాలను తిప్పే 2.4 లీటర్ల ఇంజన్ ఉన్నందువల్ల ఏడుగురు పెద్దవాళ్లు ఎక్కినా, అది బరువు తెలియనీయకుండా సాగిపోతుంది. ఎర్టిగాలో మూడో వరుస పిల్లలకు సరిపోతుంది; ఆ సీట్లు ఎత్తి ఉంచితే వెనుక మిగిలేది 209 లీటర్ల చోటే కనుక, అమ్మవార్లకు సమర్పించే బెల్లం బుట్ట ఎవరో ఒకరి ఒడిలోకి చేరుతుంది.

నమ్మకం విషయంలో రెండింటికీ వంక పెట్టలేను. ఒకసారి ఎర్టిగా చక్రం ఊగిందంటే, అది టైరు మార్చినతను నట్లు సరిగా బిగించకపోవడం వల్లనే. కాజీపేట వరకు రోజూ తిరిగే మాకు 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనే అనుకూలం; నెలనెలా దూరాలు తిరిగే అన్నకు డీజిలే తగినది.

అయితే మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎర్టిగానే కోరుకుంటుంది. ఫ్లోరు ఎత్తు తక్కువ కావడంతో, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, మరో చెయ్యి సీటు అంచున ఆనించి తనంతట తానే కూర్చుంటుంది. క్రిస్టా ఎక్కాలంటే మాత్రం నేను చెయ్యి అందించవలసిందే. పెద్దలున్న ఇంట్లో బండి కొనేముందు వారిని షోరూముకు తీసుకువెళ్లి, ఒకటికి రెండుసార్లు ఎక్కించి, దింపి చూడాలి.