మెజెస్టిక్ లాడ్జి బిల్లు, అట్ట మీద అచ్చేసిన ధర

శనివారం పొద్దున అనంతపురంలో బస్సెక్కి మధ్యాహ్నానికి బెంగళూరు మెజెస్టిక్‌లో దిగాం, నేనూ మా బావా. ప్రయాణం హాయిగా సాగింది. చిక్కంతా లాడ్జి దగ్గరే వచ్చింది.

ఫోన్‌లో బుక్ చేసినప్పుడు ఏసీ గది 1,400. కౌంటర్లో కుర్రాడు తెలుగులోనే పలకరిస్తే మనవాడే కదా అని సంతోషించాం. రిజిస్టర్లో సంతకం అయ్యాక "ఏసీ వేస్తే 350 ఎక్స్‌ట్రా సార్" అన్నాడు. నా ఫోన్‌లో ఏసీ అని స్పష్టంగా ఉందని చూపిస్తే, "అది వాళ్ల రేటు సార్, ఇక్కడ మా రేటు" అన్నాడు. బుకింగ్‌లో ఇరవై నాలుగు గంటలు అన్నదీ అబద్ధమే, మర్నాడు పన్నెండుకే ఖాళీ చెయ్యాలట. తువ్వాలు అడిగితే తడి తువ్వాలు ఇచ్చారు. మొత్తం 1,750 కట్టించుకుని బిల్లు ఇవ్వలేదు. బావ ఆ సాయంత్రమంతా ముఖం ముడుచుకునే ఉన్నాడు.

మెట్రోలో నాలుగు స్టేషన్లు, ఎంజీ రోడ్డులో దిగి చర్చ్ స్ట్రీట్‌కు నడిచాం. అక్కడికి దగ్గర్లో పాత రికార్డుల కొట్టు ఒకటుందని విన్నాను. నేను వెతుకుతున్నది డిస్కార్డ్ అనే అమెరికా రికార్డు కంపెనీ ప్లేట్లు.

1980లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే పంక్ బ్యాండ్ విడిపోయింది. పంక్ అంటే గోలగోలగా, వేగంగా వాయించే రాక్ సంగీతం. వాయించిన డబ్బు ఆరు వందల డాలర్లదాకా మిగిలింది. వాళ్లింకా కుర్రాళ్లు. తలా కొంచెం పంచుకోకుండా, పాడిన పాటలు పోకూడదని ఆ డబ్బుతో రికార్డు వేశారు. వెయ్యి కాపీలు. బ్యాండ్‌లోని ఇయాన్ మెకై, జెఫ్ నెల్సన్ ఆ పని చూసుకున్నారు. అట్ట ఎలా చేయాలో తెలియక ఇంకో సింగిల్ (చిన్న రికార్డు) అట్ట విప్పి, ఆ కొలత గీసుకుని, కత్తెరతో కోసి, మడతపెట్టి, జిగురుతో అంటించారు. ఒక్కొక్కటీ చేత్తోనే. డిస్కార్డ్ అలా మొదలైంది. తర్వాత కూడా బ్యాండ్లతో కాగితం మీద ఒప్పందాలు లేవు. ఖర్చులు పోగా మిగిలిన లాభం పంచుకునేవారు.

కొట్టు యజమాని తీసి చూపించింది ఫుగాజీ ఎల్పీ. ఫుగాజీ మెకై కొన్నేళ్ల తర్వాత పెట్టిన బ్యాండ్, కచేరీ టికెట్టు ఐదు డాలర్లకే పెట్టాలని పట్టుబట్టినవాళ్లు. వెనక అట్ట అడుగున చిన్న అక్షరాల్లో, పోస్టు ఖర్చుతో సహా ధర అచ్చేసి ఉంది. మధ్యలో ఎవరూ ఎక్కువ గుంజకుండా వాళ్లు చేసిన ఏర్పాటది. మధ్యాహ్నం లాడ్జి కౌంటర్ గుర్తొచ్చి ఆ అక్షరాల మీద వేలు పెట్టి బావకు చూపించాను.

"మాకు దిగుమతి ఖర్చు పడుతుంది, ఆ ధరకు ఇవ్వలేను. 2,200" అన్నాడాయన ముందే. తర్వాత దీపం కింద ప్లేటు వంచి రెండో వైపు వెంట్రుకంత గీత చూపించి, అక్కడే పెట్టి వినిపించాడు. టిక్ టిక్ మని రెండుసార్లు వినపడింది. బేరం ఆడలేదు, బిల్లుతో తీసుకున్నాను.

"ఏరా, ఈ అరుపులకా ఇంత ఖర్చు?" అన్న బావ, అట్టల కథ విన్నాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం విద్యార్థి భవన్ దోసె, లాల్‌బాగ్, అన్నీ బాగున్నాయి. మెజెస్టిక్‌లో దిగేవాళ్లు మాత్రం ఏసీ, ఖాళీ చేసే టైము, కట్టాల్సిన మొత్తం రిజిస్టర్లో రాయించాకే సంతకం పెట్టండి.

తిరుగు బస్సులో పైన పెడితే ప్లేటు వంగుతుందన్నాను. బావే తీసుకుని అనంతపురం దాకా ఒళ్లో పెట్టుకున్నాడు.