ముంగిసల కోసం నికాన్ 300 ఎఫ్/4 పీఎఫ్: ఆరేళ్లు వాడాక

దూరంలో ఉన్నదాన్ని దగ్గర చేసి చూపించే ఈ 300 ఎంఎం లెన్స్ కొని ఆరేళ్లు దాటింది. ఎక్కువమంది దీన్ని పక్షుల కోసం కొంటారు. నేను కొన్నది ముంగిసలు, ఉడుతలు, చెవులపిల్లుల కోసం. నూటికి తొంభై ఫొటోలు వాటివే. కెమెరా నికాన్ డి500. ఫ్లాష్ ఒక్కసారి కూడా వాడలేదు. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ, అంతే.

చంద్రగిరి దగ్గర మా చిన్నాన్న మామిడితోట ఉంది. ఇదివరకు రెండు కిలోలు దాటిన జూమ్ లెన్స్‌తో అక్కడికి వెళ్లేవాణ్ణి. గట్టు వెనక బోర్లా పడుకుని అరగంట దాన్ని పట్టుకుంటే మణికట్టు పీకేసేది. చెయ్యి మార్చుకుందామని కాస్త కదిలితే చాలు, ముంగిస కంపలోకి దూరిపోయేది. ఈ 300 బరువు 755 గ్రాములే. ఊక నింపిన గుడ్డసంచి మీద ఆనించి గంటసేపైనా కదలకుండా ఉండగలను. లెన్స్‌ను స్టాండుకు బిగించే ట్రైపాడ్ కాలర్ విడిగా కొనుక్కోవాలి, నాకు ఆ అవసరమే రాలేదు. షార్ప్‌నెస్ బాగుంటుంది, కానీ నాకు మొదట నచ్చింది ఈ తేలికదనమే. చిన్న జంతువు ఫొటో బాగా రావాలంటే మనం దాని కంటి ఎత్తుకు దిగాలి, దిగాక అక్కడే ఓపిగ్గా ఉండాలి.

ముంగిస గురించి తోట కాపలా తాత మొదట్లోనే చెప్పాడు: "దినామూ ఇదే గట్టు మీద పోతాది సామీ. పొద్దెక్కితే రాదు." ఆయన మాట నమ్మి ఏడు గంటలకల్లా అక్కడ పడుకోవడం మొదలుపెట్టాక నా ఫొటోలే మారిపోయాయి. ముంగిస వెంట్రుక ఒక్కో దాని మీదా లేత పట్టీ, ముదురు పట్టీ ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. నడినెత్తి ఎండలో ఇవేవీ కనబడవు, ఒళ్లంతా మట్టిముద్దలా ఉంటుంది. అదే ఏటవాలు ఎండ పక్కనుంచి పడితే తెల్లనువ్వులూ నల్లనువ్వులూ కలిపి చల్లినట్టు ప్రతి వెంట్రుకా తేలుతుంది. కన్ను ఎర్రటి గోధుమరంగు. అందులో కంటిపాప, పిల్లికి ఉన్నట్టు నిలువుగా కాకుండా, అడ్డంగా ఉంటుంది. పెద్దది చేసి చూసినప్పుడు ఆ పాప పక్కన సూర్యుడి చుక్క మెరుస్తుంటే నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

దూరాల లెక్క కొనబోయేవాళ్లకు పనికొస్తుంది. డి500 మీద పది మీటర్ల దూరంలో ఫ్రేమ్ వెడల్పు దాదాపు 78 సెంటీమీటర్లు, అంటే ముంగిస ముక్కు నుంచి తోక దాకా సరిగ్గా పడుతుంది. ఉడుతకైతే నాలుగు మీటర్లు. 1.4 మీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంది, అక్కడ ఉడుత మొహం ఫ్రేమ్‌లో పెద్దగా పడుతుంది. కాకపోతే మూడు మీటర్ల దగ్గర ఎఫ్/4లో, అంటే లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడు, ఫోకస్‌లో ఉండే మందం ఒకటిన్నర సెంటీమీటరే. ముక్కు మీద పడిందంటే కన్ను పోయినట్టే. మొదటి ఏడాది ఇలా ఎన్ని పోయాయో! ఇప్పుడు దగ్గరికొస్తే రంధ్రం కాస్త మూసి ఎఫ్/5.6కి వెళ్లిపోతాను, ఆ మందం పెరుగుతుంది.

ముంగిస ఆగి చూస్తుంటే షట్టర్ వేగం 1/500 సెకను చాలు. ఉడుతకు 1/1000 కంటే తగ్గించను. అది అరిచిన ప్రతిసారీ తోక విదిలిస్తుంది, చేతి వణుకును సరిచేసే వీఆర్ ఎంత బాగున్నా ఆ కదలికకు ఏం చేయలేదు. అంత వేగంలో వెలుగు తక్కువ అందుతుంది, అందుకే తక్కువ వెలుగులోనూ ఫొటో వచ్చేలా చేసే ఐఎస్ఓను 1600, 3200 దాకా నిశ్చింతగా పెంచుతాను.

లెన్స్ పక్కన ఫోకస్ పరిధి స్విచ్ ఉంటుంది. బ్యాగులో రాసుకుని అది మూడు మీటర్ల వైపు (అంతకంటే దగ్గరివి ఫోకస్ కావు) జరిగిన సంగతి చూసుకోక, రెండు మీటర్ల దూరానికి వచ్చిన పిల్ల ముంగిసను పోగొట్టుకున్నాను. ఆ తర్వాత బయల్దేరే ముందు స్విచ్ తడిమి చూడటం అలవాటు చేసుకున్నాను.

తలకోన అడవిలో బెట్టుడుతల (పెద్ద అడవి ఉడుతలు) దగ్గర మాత్రం 300 చాలదు. అవి చెట్ల చిటారుకొమ్మల్లో ఉంటాయి. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే 1.4 కన్వర్టర్ వేస్తే 420 ఎంఎం అవుతుంది గానీ ఎఫ్/5.6కి పడిపోతుంది, ఆ గుబురు నీడలో వెలుగు సరిపోదు. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచకపోతే ఉడుత నల్లటి నీడలా వస్తుంది. వాటి కోసమే కొనేవాళ్లు 500 ఎంఎం లెన్స్ చూసుకోండి.

సూర్యుడు ఫ్రేమ్‌లోకి వస్తే పీఎఫ్ ఎలిమెంట్ (ఈ లెన్స్‌ను తేలిక చేసే ప్రత్యేకమైన గాజు) వల్ల రంగుల వలయం కనిపించవచ్చు, నికాన్ ముందే చెప్పిన సంగతే. అందుకే సాయంత్రం చెవులపిల్లి ఎదురుగా కూర్చున్నా, సూర్యుడు చింతచెట్టు మొదలు వెనక్కి దిగేదాకా నొక్కను. అప్పుడు వెనకనుంచి వచ్చే వెలుగు చెవుల్లోంచి దూరి, లోపలి రక్తనాళాలు ఎర్రటి ఆకు ఈనెల్లా కనిపిస్తాయి. సంక్రాంతికి తీసినదాంట్లో ఎడమచెవి అంచున చిన్న చిరుగు ఉంది. ఉగాదికి అదే చిరుగు చెవి మళ్లీ అదే గట్టు దగ్గర కనిపించింది.