పర్వత వోల్‌ల వర్గీకరణ: పళ్లు చూడాలా, డీఎన్‌ఏ చూడాలా? ఏది మేలు?

వోల్ పొట్టి తోక ఎలుకలా కనిపిస్తుంది గానీ, ఇళ్లలో తిరిగే ఎలుకల కుటుంబం దానిది కాదు. లెమ్మింగ్‌లు, హామ్‌స్టర్‌లు ఉన్న క్రిసెటిడే కుటుంబానికి చెందినది. వోల్‌లలో ఆల్టికోలా అనే ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం, అంటే జీనస్) హిమాలయాల నుంచి మధ్య ఆసియాలోని ఆల్టాయ్ పర్వతాల దాకా కొండల్లో, రాళ్ల సందుల్లో బతుకుతుంది. 1881లో ప్రకృతి శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ దానికి ఆ పేరు పెట్టాడు.

పాత పద్ధతికి ఆధారం పళ్లు. దవడ పన్ను పైభాగాన్ని భూతద్దంలో చూస్తే, ఎనామెల్ అంచుతో త్రిభుజాలు ఎడమా కుడీ మారుతూ వరుసగా కనిపిస్తాయి. ఆల్టికోలా దవడ పళ్లకు వేర్లు ఉండవు, అవి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. దగ్గరి బంధువైన క్లెత్రియోనోమిస్ ప్రజాతిలో మాత్రం వయసు ముదిరాక వేర్లు ఏర్పడతాయి. తేడా చూడటం తేలికే. చిక్కెక్కడంటే, గట్టి గడ్డి నమిలే జంతువుల్లో వేర్లులేని పళ్లు వేర్వేరు వంశాల్లో విడివిడిగా ఏర్పడగలవు. పుర్రె ఆకారమూ అంతే: ఆల్టికోలాలోని స్ట్రెల్జోవి జాతి పుర్రె బాగా చదునుగా ఉంటుంది, రాతి చీలికల్లో దూరడానికి అది అనువు. అలాంటి లక్షణం బతుకుతెరువు గురించి చెబుతుంది, చుట్టరికం గురించి చెప్పకపోవచ్చు.

అయితే డీఎన్‌ఏదే తుది మాటా? రూపాన్ని బట్టి ఆల్టికోలాలో చేర్చిన మాక్రోటిస్, లెమినస్ అనే రెండు జాతుల సంగతి చూడండి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది; దాన్ని పోలిస్తే రెండూ క్లెత్రియోనోమిస్ మధ్యలో చేరాయి. కణ కేంద్రకంలోని జన్యువులు (కేంద్రక జన్యువులు) మాత్రం వాటిని ఆల్టికోలా వైపే చూపాయి. ఎప్పుడో పూర్వకాలంలో రెండు వంశాల మధ్య సంకరం జరిగి, తల్లి ద్వారా సంక్రమించే మైటోకాండ్రియా ఒక వైపు నుంచి మరో వైపుకు చేరిందన్నది దీనికి నమ్మదగిన వివరణ. ఈ విషయంలో పాత పరిశీలకుల చూపే నెగ్గిందని నాకు ఎంతో సంతోషం. కశ్మీర్ ప్రాంతపు హైపరాక్రియస్ విషయంలో మాత్రం గెలుపు డీఎన్‌ఏదే. రూపాన్ని బట్టి ఆల్టికోలా సమీపంలో చేర్చిన ఆ ప్రజాతి వంశం వేరని అదే తేల్చింది.

వంశవృక్షం గీయడానికి ఒక్కటే ఎంచుకోమంటే నేను కేంద్రక జన్యువులను ఎంచుకుంటాను, అదీ ఒకటి రెండు కాదు, ఎన్నో కలిపి. మైటోకాండ్రియా ఒక్కదాన్ని నమ్మి ప్రజాతులను మార్చడం తొందరపాటు. శిలాజాల దగ్గర మాత్రం ఈ ఎంపికకు తావే లేదు. లక్షల ఏళ్లనాటి దవడలో సాధారణంగా డీఎన్‌ఏ మిగలదు, ఎనామెల్ త్రిభుజాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి.