మడత కమోడ్ కుర్చీతో ఎనిమిదేళ్ళు

ఈ కుర్చీని 2017 చివర్లో నెల్లూరులోని ఒక సర్జికల్ దుకాణంలో 2,600 రూపాయలకు కొన్నాను. ఇనుప గొట్టాల చట్రం మీద తెల్లటి పౌడర్ కోటింగ్, నడుమ రంధ్రం ఉన్న ప్లాస్టిక్ సీటు, సీటు కింద తీసి పెట్టుకునే డబ్బా, రెండు చేతులు, నాలుగు కాళ్ళకు రబ్బరు బుష్షులు, ఎత్తు మార్చుకోవడానికి కాళ్ళలో వరుస రంధ్రాలు, వాటిలో టక్కున దిగే స్ప్రింగ్ పిన్నులు ఉన్నాయి. బరువు ఆరు కిలోలకు కొంచెం తక్కువ. కావలిలో మా ఇంటి బాత్రూమును నా కొలతలకే కట్టించుకున్నాము కాబట్టి ఇంట్లో దీని అవసరం నాకు లేదు. గడప దాటి బయటికి వెళ్ళినప్పుడు మాత్రమే ఇది కావాలి. అందువల్ల ఈ సమీక్షలో కుర్చీ గురించి ఎంత ఉంటుందో, దాన్ని మోసుకుపోయిన చోట్ల గురించి కూడా అంతే ఉంటుంది.

నాకు రెండో ఏట పోలియో వచ్చింది. పాతికేళ్ళ పాటు క్యాలిపర్లు (కాళ్ళకు బిగించే లోహపు ఊతాలు), చంక కర్రలతో నడిచాను. భుజాలు అరిగిపోయిన తరువాత చక్రాల కుర్చీకి మారాను. మన దేశం పోలియో రహితమైందన్న ధ్రువీకరణ 2014 మార్చిలో వచ్చింది, సంతోషమే. అంతకు ముందే దాని వాత పడిన మా తరం మాత్రం ఇప్పుడు యాభైలలో, అరవైలలో పడి, ఉన్న కాస్త బలాన్ని కూడా పోగొట్టుకుంటున్నది. పోలియో కండరాలను నడిపే నరాలను దెబ్బ తీస్తుంది కానీ స్పర్శను తీసివేయదు. అంటే కాళ్ళు కదలవు, కానీ మూత్రం వస్తున్న సంగతి మాత్రం అందరికీ తెలిసినట్టే తెలుస్తుంది, అందరిలాగా లేచి వెళ్ళడమే కుదరదు.

ఈ కుర్చీ రాక ముందు నా ప్రయాణ పద్ధతి ఒకటే ఉండేది: ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్ళు మానేయడం. కావలి నుంచి ఒంగోలుకు పెళ్ళికి వెళ్ళినా, నెల్లూరుకు ఆఫీసు పని మీద వెళ్ళినా తిరిగి ఇల్లు చేరే దాకా గొంతు తడుపుకోవడమే తప్ప తాగడం లేదు. మే నెలలో మా జిల్లా ఎండలో ఈ వ్రతం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. మూడు సార్లు మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చి, మూడో సారి డాక్టరమ్మ గట్టిగా మందలించిన తరువాతనే మా వారు ఈ కుర్చీ సంగతి కనుక్కుని వచ్చారు.

దీని అసలు మేలు ఎత్తులో ఉంది. బంధువుల ఇళ్ళలో, పాత సత్రాలలో, చిన్న లాడ్జీలలో ఇప్పటికీ ఎక్కువగా ఉండేది నేల మీది పింగాణీ దొడ్డి. దాని మీదికి దిగడం నాకు ఎలాగోలా సాధ్యమైనా పైకి లేవడం సాధ్యం కాదు. డబ్బా తీసివేసి, కుర్చీ నాలుగు కాళ్ళు పాదాల దిమ్మెలకు అటూ ఇటూ పడేటట్టు నిలిపితే నేల దొడ్డే పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న కమోడ్ అవుతుంది. చక్రాల కుర్చీ సీటూ, కమోడ్ సీటూ దాదాపు ఒకే మట్టంలో ఉంటే చేతుల బలంతో పక్కకు జరగవచ్చు. ఒకటి రెండు అంగుళాల తేడా వచ్చినా ఒక వైపు జారడం, రెండో వైపు ఎక్కడం అవుతుంది. భుజాలు పోయిన వాళ్ళకు ఆ ఎక్కడమే అసలు కష్టం. ప్రభుత్వ మార్గదర్శకాలు కమోడ్ సీటు 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలని చెప్పడానికి కారణం ఇదే. కొత్తగా కట్టిన ఇళ్ళలో కూడా పదిహేను, పదహారు అంగుళాల కమోడ్లే కనిపిస్తున్నందువల్ల, వెస్ట్రన్ ఉన్నదని వాళ్ళు గర్వంగా చెప్పిన చోట సైతం దాని మీద నా కుర్చీని నిలిపి కూర్చున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

ఎత్తును ఈ కుర్చీ పరిష్కరించింది. వెడల్పును పరిష్కరించలేదు, అది దాని వల్ల అయ్యే పని కూడా కాదు.

నా చక్రాల కుర్చీ చక్రాల అంచు నుంచి అంచుకు ఇరవై ఆరు అంగుళాలు. మన వైపు బాత్రూము తలుపు రెండున్నర అడుగులని అంటారు కానీ, చట్రం, తలుపు మందం పోగా మిగిలేది ఇరవై ఆరుకు అటూ ఇటూ ఉంటుంది. పాత ఇళ్ళలో రెండడుగుల తలుపులే. పైగా లోపలి నీళ్ళు బయటికి రాకుండా మూడంగుళాల గట్టు కడతారు. కాబట్టి కమోడ్ కుర్చీని గట్టుకు ఇవతలే నిలిపి, దాని మీదికి మారి, ఆ తరువాత మనిషితో సహా కుర్చీని వెనక్కు వాల్చి లోపలికి లాగవలసి వస్తుంది. మా వారు ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నారు. ఆయనకు ఇప్పుడు నడుము నొప్పి. చక్రాలున్న కమోడ్ కుర్చీ కొనవచ్చు కదా అని చాలా మంది అడిగారు. ఒంగోలులో మా ఆడబిడ్డ ఇంట్లో ఒకటి ఉంటే వాడి చూశాను: దాని చిన్న చక్రాలు సమతలమైన ఆసుపత్రి నేల మీద బాగా తిరుగుతాయి, మన గట్ల దగ్గర మాత్రం ఆగిపోతాయి, తడి టైల్స్ మీద బ్రేకు వేసినా కదులుతాయి. చక్రాలు లేని నాది మోటుదే అయినా నిలబడిన చోట నిలబడుతుంది.

రైలు సంగతికి వస్తే, అక్కడ ఈ కుర్చీ ఉపయోగం అనుకున్నంత లేదు. వైద్యానికి ఏడాదికొకసారి గూడూరు మీదుగా కాట్పాడి వెళతాము. రాయితీ విషయంలో రైల్వేకు వంక పెట్టలేను: స్లీపరులోనూ, మూడో తరగతి ఏసీలోనూ నాకూ, నా తోడుకూ ఛార్జీలో 75 శాతం తగ్గుతుంది. టికెట్టు ధర తగ్గినట్టు తలుపు వెడల్పు పెరగదు. మామూలు పెట్టెలో మరుగుదొడ్డి తలుపు నుంచి చక్రాల కుర్చీ పోదు, లోపల కమోడ్ కుర్చీ నిలిపే జాగా కూడా ఉండదు. అక్కడ నేను పెద్దల డైపర్ వాడతాను. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడవలసింది నేను కాదని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. రైలు కొసన గార్డు గదితో కలిసి, దివ్యాంగులకు కేటాయించిన చోటు ఉండే ఎస్‌ఎల్‌ఆర్‌డీ పెట్టెలో తలుపు 920 మిల్లీమీటర్లు, మరుగుదొడ్డి కూడా వెడల్పు, పట్టుకోవడానికి కడ్డీలు ఉంటాయి. అందులో ఎక్కగలిగితే నా కమోడ్ కుర్చీని విప్పనవసరమే లేదు. ఎక్కడమే సమస్య. హైలెవెల్ ప్లాట్‌ఫారం పట్టాల నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే పెట్టె నేల ఇంచుమించు 1,300 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ మధ్య దూరాన్ని ఇద్దరు మనుషులు నన్ను ఎత్తి దాటించాలి, అదీ రైలు రెండు నిమిషాలు ఆగే స్టేషనులో, పైకప్పు లేని కొస దగ్గర. ఒకసారి అలా ఎక్కిన తరువాత చూస్తే, మరుగుదొడ్డి తలుపు ముందు ఎవరివో నాలుగు మూటలు, వాటి మీద నిద్రపోతున్న ఇద్దరు మనుషులు ఉన్నారు. లేపితే లేచారు, మూటలు తీయడానికి మాత్రం గూడూరు దాకా పట్టింది.

2023 సెప్టెంబరులో మొదలైన విజయవాడ–చెన్నై వందే భారత్‌లో ఒకసారి వెళ్ళాను. తలుపు దగ్గర బయటికి జరిగే మెట్టు, కొస పెట్టెలో చక్రాల కుర్చీకి చోటు, కుర్చీతో సహా వెళ్ళగలిగే మరుగుదొడ్డి ఉన్నాయి. రైలులో నీళ్ళు తాగడం నా జీవితంలో అదే మొదటిసారి. అది ఒంగోలులో, నెల్లూరులో ఆగుతుంది, కావలిలో ఆగదు. ఆ సౌకర్యం కోసం ముందు నెల్లూరు దాకా కారులో పోవాలి.

స్టేషన్లలో, బస్టాండ్లలో, ఆసుపత్రులలో నీలి రంగు చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న తలుపులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఎనిమిదేళ్ళలో నేను వెళ్ళిన అటువంటి తలుపుల్లో సగానికి పైగా తాళం వేసి ఉన్నాయి. ఒక ఊరి బస్టాండులో తాళం చెవి పట్టుకున్న మనిషి టీకి వెళ్ళాడన్నారు. ఇరవై నిమిషాలకు వచ్చి తెరిస్తే లోపల చీపుళ్ళు, ఫినాయిలు డబ్బాలు, విరిగిన బెంచీ ఉన్నాయి. ఇంకొక చోట అన్ని కొలతలూ సరిగ్గా ఉన్నాయి, తలుపు మాత్రం లోపలికి తెరుచుకుంటుంది, కుర్చీ లోపలికి పోయిన తరువాత తలుపు మూయడం కుదరదు. తలుపు బయటికి తెరుచుకోవాలని, లేదా పక్కకు జరగాలని చెప్పిన మార్గదర్శకం వెనుక ఉన్న కారణం, దాన్ని బిగించిన మేస్త్రీకి ఎవరూ చెప్పి ఉండరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, అప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నిబంధనలు వచ్చిన అయిదేళ్ళలో అనువుగా మార్చాలి. నిబంధనలు 2017లో వచ్చాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఆ నిబంధనలలోని 15వది ప్రమాణాలను సిఫారసుల స్థాయిలో వదిలేసిందని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని చెప్పింది. సిఫారసుకూ, తప్పనిసరికీ ఉన్న తేడా ఏమిటో ఆ తాళం ముందు కూర్చున్న వాళ్ళకు బాగా తెలుసు.

నిజానికి ఈ కుర్చీ నాకు ఎక్కువ ఉపయోగపడింది కారు ప్రయాణాలలోనే. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఒక టోల్ ప్లాజా దగ్గర మరుగుదొడ్డికి ర్యాంపు ఉంది, దాని మొదట్లో నాలుగంగుళాల మెట్టు కూడా ఉంది. పెట్రోలు బంకుల్లో తలుపులే అడ్డం. అందుకని కారును చెట్టు పక్కన ఆపి, ఒక వైపు తలుపులు రెండూ తెరిచి, వాటికి పాత చీర కట్టి, మధ్యలో కమోడ్ కుర్చీ పెట్టి, డబ్బాలో కొంచెం నీళ్ళూ ఫినాయిలూ పోసుకుంటాము. శనివారం మాత్రమే గుడి తెరిచే మాలకొండకు ఇలాగే మూడు సార్లు వెళ్ళి వచ్చాను. మా వదిన చీర పట్టుకుని నిలబడి, ‘నువ్వు తొందరపడబాక, ఎవురూ రారులే’ అంటుంది. ఆమె లేని రోజున ఆ ప్రయాణం లేదు.

ఇక మన్నిక. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన, గాలి కూడా సముద్రపు గాలి. రెండో ఏడు తిరక్కుండానే పిన్నులు దిగే రంధ్రాల చుట్టూ కోటింగ్ లేచి తుప్పు మొదలైంది. నాలుగో ఏట ఒక కాలు వెల్డింగ్ దగ్గర కదిలింది. ఊళ్ళో వెల్డింగ్ అబ్బాయి అతుకు వేసి, నాలుగు కాళ్ళ మధ్య అడ్డంగా ఒక కడ్డీ కూడా కలిపి, ‘ఏందక్కా, దీన్ని ఇంకా వాడతా ఉండారా?’ అని నూట యాభై తీసుకున్నాడు. ఆ కడ్డీ తరువాత కుర్చీ సరిగ్గా మడత పడదు, కానీ గట్టిపడింది. రబ్బరు బుష్షులు ఏడాదికొకసారి మార్చాలి. అరిగిన బుష్షు తడి నేల మీద జారుతుంది, నేను ఒకసారి పడ్డాను కూడా. ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఎండలో పెట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి తుప్పు నెమ్మదించింది. ఈ రోజు కొంటే రెట్టింపు ధర అయినా స్టెయిన్‌లెస్ స్టీలుదే కొంటాను.

కొనదలచిన వాళ్ళు ముందు తమ చక్రాల కుర్చీ సీటు ఎత్తును దిండుతో సహా కొలుచుకుని దుకాణానికి వెళ్ళాలి. కుర్చీ చేతులు స్థిరంగా వెల్డు చేసిన రకం నాకు పనికిరాలేదు, పక్కకు జరగడానికి కనీసం ఒక చెయ్యి తీయగలిగి ఉండాలి. నా కుర్చీకి ఆ వీలు లేకపోవడంతో దాని ఎడమ చేతిని కోయించి, బోల్టుతో బిగించుకున్నాను. వెన్నుపూస దెబ్బతిని కింది భాగంలో స్పర్శ లేని వాళ్ళు ఈ గట్టి ప్లాస్టిక్ సీటు మీద పది నిమిషాలకు మించి కూర్చోకూడదు, పుండు పడినా వాళ్ళకు తెలియదు. వాళ్ళు మెత్తటి సీటు ఉన్న రకమే తీసుకోవాలి. మోసే మనిషి లేకుండా ఒంటరిగా ప్రయాణం చేసే వాళ్ళకు దీన్ని నేను సిఫారసు చేయను, దీన్ని విప్పి నిలపడానికి నిలబడగలిగిన మనిషి ఒకరు కావాలి.