24 అడుగుల తెరచాప పడవతో తొమ్మిదేళ్లు

ఈ పడవను మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అప్పటికే దానికి 20 ఏళ్లు. పొడవు 24 అడుగులు, ఫైబర్‌గ్లాస్ బాడీ, అడుగున బిగించిన బరువైన కీల్, నీళ్లలోకి దిగే లోతు 4 అడుగులు. ఒక తెరచాపకొయ్య, రెండు తెరచాపలు, వెనకాల బ్రాకెట్‌కు తగిలించిన 8 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు. నీళ్ల మీద గడిపిన ప్రతి రోజూ లాగ్ పుస్తకంలో రాస్తాను. తొమ్మిదేళ్లకు 371 రోజులయ్యాయి. అంటే ఏడాదికి 41 రోజులు.

కొనే ముందు నేను చాలా సమీక్షలు చదివాను. అన్నీ కొన్న మొదటి సీజన్‌లో రాసినవే. వాటిలో పడవ కొత్తగా మెరుస్తూ ఉంటుంది, రాసినవాళ్లు ఇంకా దాని మోజులోనే ఉంటారు. ఏళ్ల తరబడి వాడాక ఏం విరుగుతుందో, ఏది నిలబడుతుందో చెప్పినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ పడవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది దాని సైజు. మొదట్లో మేం 30 అడుగుల పడవ కోసమే తిరిగాం. అది అందక దీనితో సరిపెట్టుకున్నాం. ఇప్పుడు ఎవరైనా దానితో మార్పిడి చేస్తామన్నా ఒప్పుకోను. నేనూ మా ఆయనా కలిస్తే పావుగంటలో తాళ్లు విప్పి బయల్దేరగలం. ఆయనకు వీలుకానప్పుడు నేను ఒక్కదాన్నే తీసుకెళ్లి తెచ్చేస్తాను. ఆఫీసు అయ్యాక సాయంత్రం రెండు గంటలు దొరికినా చాలు. మా పక్కనే కట్టి ఉండే పెద్ద పడవలు నెలల తరబడి కదలవు. వాటిని నడపడానికి నలుగురు కావాలి, ఆ నలుగురికీ ఒకే రోజు తీరిక దొరకాలి. పడవ ఎంత పెద్దదని కాకుండా, ఎంత తేలిగ్గా బయల్దేరుతుందని అడగండి.

వేగం మీద ఆశ ఉంటే మాత్రం ఈ రకం పడవ జోలికి వెళ్లకండి. నీటిని తాకే భాగం పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఇలాంటి పడవ పరిమితి ఎన్ని నాట్లో తేలుతుంది. మాది 20 అడుగులు కాబట్టి దాదాపు 6 నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. ఇంకా పెద్ద మోటారు పెడితే వెనక అల పెద్దదవుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే. ఆ నెమ్మది నాకు ఇష్టం. రేవు దాటాక మోటారు ఆపేస్తాం. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఆ తర్వాత నీళ్లు పడవ పక్కనుంచి జారిపోతున్న చప్పుడు మొదలవుతుంది. 371 రోజుల్లో ఆ క్షణం ఒక్కసారి కూడా పాతబడలేదు.

ఇక లీకుల సంగతి. పడవ ఉన్నవాళ్ల జీవితంలో సగం దీనితోనే గడుస్తుంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పడవ అడుగున, నేల చెక్క కింద, కొన్ని నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. చెక్క ఎత్తి చూసినప్పుడల్లా నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటాను. చప్పగా ఉంటే వాన నీళ్లో, ట్యాంకు నీళ్లో. తుడిచేసి తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఉప్పగా ఉంటే ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకూడదు. తొమ్మిదేళ్లలో రెండుసార్లు ఉప్పగా తగిలింది. రెండోసారి సింకు కింద పైపుకున్న క్లిప్పు తుప్పుపట్టి తెగిపోయింది. పైపు ఇంకా ఊడలేదు, చుట్టూ చుక్కలు చుక్కలుగా కారుతోంది. అదే ఊడి ఉంటే ఏమయ్యేదో లెక్క చూడండి: నీటిగీతకు అర మీటరు కింద 25 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి 50 లీటర్లకు పైగా నీళ్లు లోపలికి వస్తాయి. అప్పుడు మా బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీళ్లు బయటికి తోడేది) కెపాసిటీ, దాని డబ్బా మీద ఉన్న లెక్క ప్రకారమే, నిమిషానికి 30 లీటర్లు. నీటిని పైకి తోయాలి, పైగా బ్యాటరీ కాస్త తగ్గి ఉంటుంది కాబట్టి నిజంగా తోడేది అంతకంటే తక్కువే. ఆ లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు నీటిగీత కింద ఉన్న ప్రతి పైపుకూ రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు ఉన్నాయి. ఆ పైపులు పడవ బయటికి తెరుచుకునే చోట ఉండే ప్రతి వాల్వు పక్కనా దానికి సరిపడే మెత్తటి చెక్క బిరడా ఒకటి దారంతో కట్టి ఉంటుంది. పంపు కూడా పెద్దది పెట్టాం. పడవ దిగి వచ్చేటప్పుడు వాల్వులన్నీ కట్టేసి వస్తాను.

పైనుంచి దిగే వాన నీళ్లు పడవను ముంచవు కానీ నెమ్మదిగా తినేస్తాయి. చాలా ఫైబర్‌గ్లాస్ పడవల్లాగే మా డెక్ కూడా రెండు పలచటి పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి చేసింది. తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. కానీ రెయిలింగ్ స్తంభాల స్క్రూ కంతల్లోంచి చెమ్మ దిగితే ఆ చెక్క లోపల్లోపలే కుళ్లిపోతుంది. పైకి ఏమీ తెలియదు. కుండ కొట్టి చూసినట్టు చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్ అంతా కొట్టుకుంటూ పోవాలి. బాగున్న చోట టక్ మని ఖంగున పలుకుతుంది, కుళ్లిన చోట దబ్ మని మొద్దుగా వినిపిస్తుంది. కొన్నప్పుడు మేం ఇలా కొట్టి చూడలేదు. రెండో ఏడు ఎడమవైపు స్తంభం కింద అరచేయంత మేర మొద్దుగా పలికింది. పై పొర కోసి, కుళ్లిన చెక్క తీసి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో పూడ్చడానికి నాలుగు వారాంతాలు పట్టింది. ఆ తర్వాత డెక్ మీది ప్రతి ఫిట్టింగూ విప్పాం. కంతను పెద్దది చేసి, ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో కొత్త కంత వేసి బిగించాం. ఇప్పుడు సీలెంట్ పాడైనా నీళ్లు చెక్క దాకా చేరవు. పాత పడవ చూడటానికి వెళ్తే సుత్తి తప్పకుండా తీసుకెళ్లండి, అమ్మేవాళ్లను అడిగే కొట్టి చూడండి. అది వద్దన్నవాళ్ల దగ్గర కొనకండి.

మోటారుకు ఇప్పటికి 610 గంటలు. మొత్తం మీద నమ్మకంగానే పనిచేసింది. పెట్టిన తిప్పలు రెండే. ఒకటి నిలవ పెట్రోలు. నెలల తరబడి కార్బ్యురేటర్‌లో ఉండిపోతే జిగురుపట్టి సన్నటి జెట్ మూసుకుపోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. అందుకని ఎక్కువ రోజులు వదిలేసి వెళ్లేటప్పుడు పెట్రోలు పైపు పీకేసి, మోటారు దానంతటదే ఆగేదాకా నడిపిస్తాం.

రెండోది మూడో ఏడు జరిగింది. నదీముఖంలో, నీళ్లు సముద్రంలోకి వెనక్కి తీసే పాటుకు ఎదురుగా వస్తున్నాం. మోటారు పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిధార ఆగిపోయిందని ముందు మా అబ్బాయి చూశాడు. చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయనడానికి ఆ ధారే గుర్తు. వాడు “అమ్మా, నీళ్లు రావట్లేదు” అనేసరికి నేను మోటారు ఆపేశాను. ఇంకాస్త ఆలస్యమైతే ఇంజిన్ పట్టేసేదేమో. తెరచాప ఎత్తి పక్కకు తప్పుకుని లంగరు వేశాం. తర్వాత విప్పి చూస్తే నీళ్లు తోడే ఇంపెల్లర్, అరచేతి గుంటలో ఇమిడే రబ్బరు చక్రం అది, ఆరు రెక్కల్లో రెండు విరిగిపోయి ఉన్నాయి. కొత్తది వేస్తే సరిపోదు, విరిగిన ముక్కల్ని కూడా వెతికి తీయాలి. మాకు ఒకటి పంపులోనే దొరికింది, రెండోది థర్మోస్టాట్ దగ్గర అడ్డం పడి కనిపించింది. అప్పటినుంచి రెండేళ్లకోసారి పాడవ్వకపోయినా మారుస్తున్నాం. ఉప్పు నీళ్లలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో లోపల కడుగుతాం.

మోటారు ఎంచుకునేవాళ్లకు ఒక మాట: మోటారు నుంచి ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే షాఫ్ట్ పొడవు చూసుకోండి. మాది 20 అంగుళాలది. ఎదురు అలల్లో పడవ వెనక భాగం లేచినప్పుడు ప్రొపెల్లర్ గాల్లోకి వచ్చి గిర్రున తిరుగుతుంది. 25 అంగుళాలది కొనాల్సింది.

డబ్బు ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే నేను లంగరు అంటాను. పడవతో వచ్చింది రెండు పలకలు బల్లపరుపుగా ఉండే తేలిక రకం. ఇసుకలో, బురదలో ఒకే వైపు లాగుతున్నంతసేపు గట్టిగా పడుతుంది. లాగే దిక్కు మారితే ఊడొచ్చి, మళ్లీ పట్టుకోకపోవచ్చు. అది నాకు ఒక రాత్రి తెలిసొచ్చింది. సాయంత్రం పాటు వచ్చి నీళ్లు తగ్గి ఉన్న సమయంలో లంగరు వేశాం. లోతు 3 మీటర్లు, నీటి మీదనుంచి పడవ ముక్కు దాకా ఇంకో మీటరు, మొత్తం 4. గొలుసూ తాడూ కలిపి 20 మీటర్లు వదిలాం. అయిదు రెట్లు, సరిపోతుందనుకున్నాం. అర్ధరాత్రికి పోటు వచ్చి నీళ్లు రెండున్నర మీటర్లు పెరిగాయి. అదే 20 మీటర్లు ఇప్పుడు మూడు రెట్లే. అదే సమయంలో గాలి దిక్కు కూడా మారింది.

నాకు మెలకువ వచ్చింది చప్పుడుకు కాదు, పడవ ఊగే తీరు మారినందుకు. “ఏమండీ, లేవండి” అని లేపితే “గాలి తిరిగింది, అంతేలే, పడుకో” అన్నారు. పైకి వెళ్లి లంగరు తాడు మీద అరచేయి పెట్టాను. గరగరమని సన్నటి వణుకు. లంగరు నేల మీద ఈడ్చుకుపోతుంటే ఆ వణుకు తాడులోంచి చేతికి తెలుస్తుంది. ఒడ్డున ఒకదాని వెనక ఒకటి సరిగ్గా కనిపించిన రెండు దీపాల మధ్య జానెడు ఎడం వచ్చింది, అంటే పడవ కదిలిపోతోంది. ఆయన్ని మళ్లీ పిలిచాను. ఈసారి ఒక్క ఉదుటున వచ్చారు. మోటారు వేసి, లంగరు లాగి, ఇంకోచోట 45 మీటర్లు వదిలి, తెల్లారేదాకా వంతులు వేసుకుని కూర్చున్నాం.

ఆ తర్వాతి వారమే చెంచా ఆకారంలో ఉండి పైన కమ్మీ వంపు ఉన్న కొత్త రకం లంగరు, ఒక సైజు ఎక్కువది, 8 మిల్లీమీటర్ల గొలుసుతో సహా కొన్నాం. ఇప్పుడు ఆ రాత్రికి రాబోయే గరిష్ఠ పోటును కలుపుకునే లెక్క వేస్తాను. మామూలు రోజున అయిదు రెట్లు, గాలి పెరిగేలా ఉంటే ఏడు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా జారలేదు. దానివల్లే నేను పడవ మీద హాయిగా నిద్రపోగలుగుతున్నాను. ఒకసారి అలా లంగరు వేసుకున్న అమావాస్య రాత్రి మా అబ్బాయి నీళ్లలో చేయి పెట్టి కదిపితే వేళ్ల చుట్టూ నీలం వెలుగు లేచింది. నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు కదిలిస్తే వెలుగుతాయి. వాడు గంటసేపు మాట్లాడకుండా నీళ్లు కదుపుతూనే ఉన్నాడు.

క్యాబిన్ ఇద్దరికి చాలు. బ్రోషర్‌లో నలుగురు పడుకోవచ్చని ఉంటుంది, కానీ ఆ నలుగురి సామాన్లు ఎక్కడ పెట్టాలో రాయరు. నిటారుగా నిలబడలేం. ఊపిరి తేమ గోడల మీద నీళ్లై కారుతుంది కాబట్టి చలిలోనూ ఒక గాలికంత తెరిచే ఉంచాలి, లేకపోతే పరుపులకు బూజు పడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలను సగం కంటే ఎక్కువ వాడకూడదు, వాడితే త్వరగా పోతాయి. ఈ సంగతి తెలియక మేం మొదటి జత రెండేళ్లకే పాడుచేశాం. ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది ఒకటి, చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి. కరెంటు టెన్షన్ లేదు.

తెరచాపకొయ్యను పట్టి ఉంచే స్టీలు తీగలను నేను నెలకోసారి మెత్తటి గుడ్డతో కిందనుంచి పైకి తుడుస్తాను. ఎక్కడైనా గుడ్డ పట్టుకుందంటే అక్కడ ఒక పోగు తెగినట్టు. అయిదో ఏడు అలాగే ఒకటి పట్టుకుంది. ఒక్క పోగే కదా అని ఊరుకోలేదు, అన్ని తీగలూ మార్పించాం. ఒక్క తీగ తెగినా కొయ్య మొత్తం కూలిపోవచ్చు.

లైఫ్ జాకెట్ లేకుండా మా పడవలో ఎవరూ డెక్ మీదికి రారు. మావి నీళ్లలో పడగానే ఉబ్బే 150 న్యూటన్ల తేలుడు బలం ఉన్న రకం. వాటి గ్యాస్ సిలిండర్ అదురుకు వదులవుతుంది. ఒకసారి చూస్తే మా అబ్బాయి జాకెట్‌లోది చేత్తో రెండు చుట్లు తిరిగింది. అది ఉబ్బేది కాదు. అప్పటినుంచి బయల్దేరే ముందు ప్రతి జాకెట్‌నూ నేనే విప్పి బిగించి చూస్తాను. రేడియో ఎప్పుడూ 16వ ఛానెల్ మీదే ఉంటుంది, ఆపదలో పిలిచేది దాని మీదే. తెరచాప పడవకు అందరూ దారి ఇవ్వాలని కొత్తవాళ్లు అనుకుంటారు. ఇరుకైన ఓడల దారిలో అలా కుదరదు. ఓడలు ఢీకొనకుండా పెట్టిన 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో 9వది చూడండి: అక్కడ 20 మీటర్ల లోపు పడవలూ, తెరచాప పడవలూ ఆ దారి తప్ప ఇంకెక్కడా క్షేమంగా వెళ్లలేని ఓడలకు అడ్డు రాకూడదు. 15 నాట్లతో వచ్చే ఓడ 3 కిలోమీటర్ల దూరంలో కదలనట్టే ఉంటుంది. ఏడు నిమిషాలు కూడా గడవకముందే మన మీద ఉంటుంది.

ఎవరికి చెప్తాను కొనమని? నీళ్లకు దగ్గర్లో ఉండి, చేతులతో పని చేయడం ఇష్టమైనవాళ్లకు. మా లెక్కలో నీళ్ల మీద ఒక రోజు గడిపితే రేవులో సగం రోజు పని ఉంటుంది. ఆ సగం రోజు భారం అనిపిస్తే అద్దెకు తీసుకుని తిరగండి, ఆనందంలో లోటేమీ ఉండదు. నాకు ఆ సగం రోజు కూడా ఇష్టమే. ప్రతి బోల్టూ నాకు తెలిసిన వస్తువు నా జీవితంలో ఇదొక్కటే.

వచ్చే నెల పడవను గట్టుకు తీస్తున్నాం. అడుగున నాచు, గవ్వపురుగులు గీకి రాగి కలిసిన కొత్త రంగు వేయాలి. ఈసారి కీల్‌ను పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి కూడా విప్పి చూపించమని అడిగాం. ఇరవై తొమ్మిదేళ్ల బోల్టు లోపల ఎలా ఉందో చూశాక దాని గురించి విడిగా రాస్తాను.