అలెచ్ గ్లేసియర్ మీద స్కీలతో మూడు రోజులు

స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కనుమ చూసొచ్చిన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. రైల్లో పైకెళ్ళి, మంచు గుహలో తిరిగి, ఇండియన్ బఫేలో భోంచేసి, ఫొటోలు దిగి మధ్యాహ్నం రైలుకి దిగిపోతారు. మొదటిసారి నేనూ అంతే. ఆ రోజు అక్కడి స్ఫింక్స్ భవనం డాబా మీంచి చూస్తే అలెచ్ గ్లేసియర్ (హిమనది) తెల్లటి రహదారిలా దక్షిణానికి సాగిపోతోంది, దాని మీద చీమల్లా నలుగురు కదులుతున్నారు. వీళ్ళెక్కడికి పోతున్నారు, రాత్రికి ఎక్కడ పడుకుంటారు అన్నది చాలాకాలం బుర్రలోంచి పోలేదు. 2024 మేలో మేమూ నలుగురం బయల్దేరాం.

మొదటి రోజు యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ (3,454 మీటర్లు) నుంచి కాంకోర్డియా హట్‌కి (కొండ మీది బస, 2,850) దిగడం, రెండో రోజు హాలాండియా హట్‌కి (3,240) ఎక్కడం, మూడో రోజు లోచెంతాల్ లోయలోకి దిగి బస్సు పట్టుకోవడం. మ్యాపులో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. చిక్కంతా మే నెలతోనే. రాత్రి గడ్డకట్టిన మంచు తెల్లవారుజామున రాయిలా ఉంటుంది. ఎండ తగిలాక పైన వేలెడు మందం మెత్తబడుతుంది, స్కీలకి అదే బంగారం. ఇంకో రెండు గంటలు గడిస్తే అంతా అంబలి. గ్లేసియర్ పగుళ్ళని కప్పేసిన మంచు వంతెనలు అప్పుడే బలహీనపడతాయి, పక్క వాలుల మీంచి తడి మంచు జారేదీ అప్పుడే. కాబట్టి ఈ యాత్రలో ఏది బాగుంది, ఏది బాలేదు అంటే నేను ఒక్కటే చూస్తాను: మమ్మల్ని పొద్దున్నే బయటపడనిచ్చిందా లేదా?

గైడ్ విషయంలో మాలో మాకు గట్టి వాదనే జరిగింది. రోజుకి దాదాపు 700 ఫ్రాంకులు, పైగా హట్‌లో ఆయన ఖర్చు కూడా మనదే. ఫోన్లో జీపీఎస్ దారి ఉండగా ఎందుకని ఇద్దరు అన్నారు. నలుగురం పంచుకున్నాం కాబట్టి సరిపోయింది గానీ, ఇద్దరే అయినా నేను ఈ ఖర్చు మానను. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు, నవ్వితే పళ్ళు రాలతాయేమో అన్నట్టుండేవాడు. కానీ కదిలేముందు ఒక్కొక్కరి బీకన్ (మంచులో కూరుకుపోతే జాడ చెప్పే పరికరం) పరీక్షించాడు, పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) తీయించి చూశాడు, నడుముకి తాడు కట్టుకునే హార్నెస్ బిగించాడు. ఏదైనా జరిగితే ఈ వైపు వలే కాంటన్ (రాష్ట్రం) కాబట్టి సహాయానికి 144కి ఫోన్ చేయాలని, మిగతా చోట్ల 1414 అని రెండుసార్లు చెప్పించాడు.

గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ గొండోలా పదిహేను నిమిషాల్లో ఐగర్‌గ్లెచర్ స్టేషన్లో దింపేస్తుంది. అక్కణ్ణుంచి 1912 నాటి రైలు కొండల కడుపులోంచే పైకి వెళుతుంది. సౌకర్యానికి వంక పెట్టలేం, టికెట్ మాత్రం గుండె ఆగేంత. హాఫ్ ఫేర్ కార్డు ఉంటే సగమే, అది లేకుండా వెళ్ళకండి. నా కొలత ప్రకారం మాత్రం దీనికి సగం మార్కులే. మొదటి రైలెక్కినా పైకి చేరేసరికి సూర్యుడు పని మొదలుపెట్టేసి ఉంటాడు. పైగా లోయలోంచి ఒక్కసారిగా అంత ఎత్తుకి చేరితే తలనొప్పి తప్పదు. మాలో ఒకడికి స్టేషన్లోనే మొదలై రాత్రిదాకా ఉంది.

సొరంగంలోంచి బయటికొస్తే ఒక పక్క పిల్లలు స్లెడ్జిల మీద జారుతుంటారు. పది నిమిషాలు స్కీ చేశామో లేదో, మనిషి గొంతు వినబడదు. కాంకోర్డియా మైదానం నేను చూసిన వాటిలో అతి పెద్ద ఖాళీ. గ్లేసియర్లన్నీ వచ్చి కలిసే కూడలి అది. కింద మంచు దాదాపు 800 మీటర్ల లోతు ఉంటుందట. గైడ్ ఆ మాట చెప్పి భోజనానికి కూర్చోమన్నాడు. నాకు శాండ్‌విచ్ దిగలేదు.

హట్ మాత్రం గ్లేసియర్ మీద లేదు, పక్కనున్న రాతి గోడ మీద ఉంది. 1877లో మొదట కట్టినప్పుడు మంచు దానికి చాలా దగ్గర్లో ఉండేది. గ్లేసియర్ పలచబడి కిందికి దిగుతున్నకొద్దీ మెట్లు పెంచుకుంటూ వచ్చారు. ఇప్పుడవి ఇనుప మెట్లు, నాలుగు వందల పైచిలుకు. అలిపిరి మెట్లెక్కినవాడిని, నాకివి ఒక లెక్కా అనుకున్నాను. స్కీ బూట్లతో, వీపున బ్యాగుతో, స్కీలు భుజానేసుకుని ఎక్కుతుంటే రెండొందల దగ్గర లెక్క వదిలేశాను.

కాంకోర్డియాలో రాత్రి బస, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి మనిషికి వంద ఫ్రాంకులకి అటూ ఇటూ. స్విస్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వముంటే తగ్గుతుంది. సూపు, పాస్తా వేడిగా, కడుపునిండా పెట్టారు. శాకాహారమని బుకింగ్‌లోనే చెప్పాం కాబట్టి ఇబ్బంది రాలేదు. అక్కడికెళ్ళి చెబుదామనుకుంటే రొట్టె, చీజే గతి. పడక ఒకే పెద్ద అరుగు మీద వరుసగా. దుప్పటి వాళ్ళిస్తారు, లోపలి సంచీ గుడ్డ మనమే తెచ్చుకోవాలి. గురక గురించి వేరే చెప్పక్కర్లేదు. స్నానం మాట మర్చిపోండి. తాగే నీళ్ళు లీటరున్నర సీసా పది ఫ్రాంకులు దాటింది, ఇది కొంచెం కడుపుమంటగానే ఉంది. హెలికాప్టర్లో మోసుకొచ్చిన సరుకు అని సర్దిచెప్పుకున్నాం. ఎంతైనా టిఫిన్ ఎన్నింటికి కావాలని రాత్రే అడిగి, అన్న టైముకి, తెల్లవారుజామున నాలుగున్నరకి టీ కాచి పెట్టారు. నా దగ్గర వీళ్ళకి ఫుల్ మార్కులు.

ఆ నాలుగున్నరని మట్టిలో కలిపింది స్కిన్స్. స్కీల అడుగున అంటించుకునే పట్టీలివి. నూగు ఒక వైపుకే ఉండటం వల్ల ముందుకి జారతాయి, వెనక్కి జారవు. లోయలో ఒక అద్దె దుకాణం నాకిచ్చిన జత జిగురు అయిపోయిన పాతది. కౌంటర్ దగ్గర వెచ్చటి గదిలో బాగానే అంటుకుంది, చలికి గంటలోపే తోకలు ఊడిపోయాయి. గైడ్ ఏమీ అనలేదు. స్కీలు కట్టే బెల్టులు, టేపు తీసి కట్టాడు, మళ్ళీ ఊడింది, మళ్ళీ కట్టాడు. గంటకి పైనే పోయింది. నా వల్ల ముగ్గురు చలిలో నిలబడ్డారన్న సిగ్గు ఒక పక్క.

ఆ గంట ఖరీదు పది దాటాక తెలిసింది. మంచు మెత్తబడింది. తాడుకట్టులో నా వెనకున్న మిత్రుడి కర్ర పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే కన్నం లోపల ముదురు నీలం, అడుగు కనబడలేదు. గైడ్ తాడు బిగించి, ఒక్కొక్కరినీ పక్కకి తిప్పి దాటించాడు. రెండు నిమిషాల పనే, కానీ ఆ టెన్షన్ హట్ చేరేదాకా దిగలేదు. అద్దెకి తీసుకునేవాళ్ళు స్కిన్స్‌ని ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టి, పొద్దున స్కీకి అంటించి చూసుకోండి. మీ ఇంట్లోవాళ్ళు నవ్వినా సరే.

హాలాండియా హట్‌ని రెండు గ్లేసియర్లు వీపులానించి కూర్చున్న కనుమ దగ్గర కట్టారు. నాలుగో వంతు నేల సముద్ర మట్టానికి కిందున్న హాలండ్ దేశం పేరు పెట్టుకుంది. కాంకోర్డియా కంటే చిన్నది, జనం తక్కువ, నిద్ర బాగా పట్టింది. ఒకే రాత్రి ఉండగలిగితే నేను ఇక్కడే ఉంటాను. సాయంత్రం ఒక పక్క వచ్చిన దారంతా, ఇంకో పక్క దిగబోయే లోయంతా కనబడుతుంది.

మూడో రోజు పట్టీల బెడద లేదు, అంతా దిగుడే. ఆరున్నరకి రాయిలా ఉంది, గైడ్ ఆపేసి కూర్చోబెట్టాడు. ఏడున్నరకి లేచి, బూటుతో ఒకసారి నొక్కి చూసి, సరే అన్నాడు. ఆ తర్వాత గంట గురించి రాయడం నాకు చేతకాదు. ఎలాంటి మలుపు తిప్పినా ఒప్పుకునే మంచు.

మంచు అయిపోయిన చోట స్కీలు భుజానికెత్తుకున్నాం. ఆ సీజన్లో పై దాకా బస్సు రాదు కాబట్టి బ్లాటెన్ ఊరిదాకా నడకే. ఎండకి నల్లబడ్డ చెక్క ఇళ్ళ మధ్య నీళ్ళ తొట్టి ఒకటి, దాన్లోకి సన్నటి గొట్టంలోంచి నీళ్ళు పడుతూ ఉన్నాయి. రెండు రాత్రులు సీసాకి పదేసి ఫ్రాంకులు పోసిన నలుగురం దానికి నోరు పెట్టి తాగాం. గైడ్ మొదటిసారి నవ్వింది అక్కడే.

2025 మే 28న బిర్చ్ గ్లేసియర్ విరిగి, రాళ్ళతో కలిసి ఆ ఊరి మీద పడింది. తొమ్మిది రోజుల ముందే దాదాపు 300 మందిని ఖాళీ చేయించారు. ఆ రోజు నేను ఫోన్ తీసి మా ఫొటోలు వెతుక్కున్నాను. తొట్టి దగ్గర తీసింది ఒక్కటే ఉంది, అందులో ఊరు సరిగా పడలేదు, మా నలుగురి తలలే ఉన్నాయి.